కార్బన్ నానోట్యూబుల్లో కారుకు సరిపడా హైడ్రోజన్ నిల్వ చేయవచ్చా?

వరంగల్ ఎండలో తిరిగే కారుకు పనికివచ్చేంత హైడ్రోజన్ సాధారణ ఉష్ణోగ్రత వద్ద కార్బన్ నానోట్యూబుల్లో, అంటే కార్బన్ పరమాణువులతో ఏర్పడిన అతి సన్నని బోలు గొట్టాల్లో, నిలవదు. గడ్డకట్టించే చలిలో మాత్రం కొంత మేరకు నిలుస్తుంది.

హైడ్రోజన్ అణువు కార్బన్ ఉపరితలాన్ని రసాయన బంధంతో కాక, వాండర్‌వాల్స్ ఆకర్షణ అనే బలహీనమైన పట్టుతో అంటిపెట్టుకుంటుంది. మోల్‌కు సుమారు 5 కిలోజౌళ్లుండే ఆ పట్టు ద్రవ నైట్రోజన్ చల్లదనంలో, అంటే మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ వద్ద సరిపోతుంది గానీ, గది వేడికే అణువులు దాన్ని విదిలించుకుని పోతాయి. చోటుకు కొదవ లేదు. నానోట్యూబు గోడ గ్రాఫీన్, అంటే ఒక్క పరమాణువు మందముండే కార్బన్ పొర: ఒక్క గ్రాము గ్రాఫీన్ ఉపరితలం రెండు వైపులా కలిపి 2,630 చదరపు మీటర్లు, మన లెక్కలో 26 గుంటలు.

హన్మకొండ నుంచి హైదరాబాద్ వెళ్లి రావడానికి, అంటే దాదాపు 300 కిలోమీటర్లకు, హైడ్రోజన్ కారుకు సుమారు 3 కిలోల వాయువు కావాలి. గది ఉష్ణోగ్రత వద్ద 100 బార్ల పీడనంలోనూ (మన చుట్టూ ఉండే గాలి పీడనానికి దాదాపు వంద రెట్లు) కార్బన్ పట్టుకునేది దాని బరువులో 1 శాతం లోపే కనుక, ట్యాంకు బరువు కలపకుండానే 300 కిలోలకు మించిన కార్బన్ మోయాలి.

నానోట్యూబు బోలుగా ఉంటుంది కాబట్టి సీసాలో నింపినట్టు వాయువును నింపవచ్చని చాలామంది అనుకుంటారు. నిజానికి లెక్కకు వచ్చేది బోలుతనం కాదు, ఉపరితలం. 1998లో గ్రాఫైట్ నానోఫైబర్లు (కార్బన్ పొరలతో ఏర్పడిన అతి సన్నని పోగులు) బరువులో 60 శాతానికి పైగా హైడ్రోజన్‌ను పట్టుకుంటాయని వెలువడిన ఫలితం ఈ అపోహకు బలమిచ్చింది గానీ, ఇతర ప్రయోగశాలల్లో అది మళ్లీ రాలేదు. ఒక్కో కార్బన్ పరమాణువుకు అత్యధికంగా నాలుగు హైడ్రోజన్ పరమాణువులు రసాయన బంధంతో ఉండే మీథేన్ వాయువులోనే హైడ్రోజన్ బరువు 25 శాతం. ఆ సంఖ్యను అప్పుడే అనుమానించవలసింది.