కెరిస్ కొనేముందు

చిరంజీవి రఘుకి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. జకార్తాలో జలాన్ సురబాయా అంగడివాడు అది జావాలోని పాత మజాపహిత్ రాజ్యం నాటి కెరిస్ (అక్కడి బాకు) అన్నాడనీ, లోపల ఏదో శక్తి ఉందన్నాడనీ, ధర అందుకే అంత చెప్పాడనీ రాశావు. కోడలికేమో అది ఇంట్లో ఉంటే ఏమవుతుందోనని టెన్షన్. ముందు ఇనుము చూడు నాయనా, కథ తర్వాత వినొచ్చు.

వంకీలుంటేనే కెరిస్ అనుకుంటారు. తిన్నగా ఉండేవీ బోలెడున్నాయి. వంకీలుంటే మాత్రం వాటి లెక్క బేసిగా రావాలి. సరిసంఖ్య వస్తే ఇంకోసారి లెక్కపెట్టు, తప్పు నీదో, చేసినవాడిదో తేలుతుంది. అసలు ఆనవాలు పిడి దగ్గరుంటుంది. అక్కడ కత్తి ఒకవైపుకి ఎక్కువగా వెడల్పవుతుంది. దాని కింద అడ్డంగా విడి ఇనుప ముక్క ఒకటి బిగిస్తారు, పేరు గొంజో. ఆ అతుకు సన్నగా కనబడాలి. అతుకు లేకుండా చేసిన మంచివీ కొన్ని ఉన్నాయి గానీ, టూరిస్టులకు అమ్మే రేకు కత్తుల్లో అతుకు ఉండదు, ఉత్త గీత గీసి వదిలేస్తారు.

తర్వాత పామోర్, అంటే కత్తి మీద కనిపించే తెల్లటి చారలు. ఎంపు అని పిలిచే అక్కడి కమ్మరి మామూలు ఇనుమునీ, నికెల్ ఉన్న ఇనుమునీ కలిపి కాల్చి, మడిచి, మళ్లీ కొడతాడు. పాషాణం, నిమ్మరసం పట్టిస్తే ఇనుము నల్లబడుతుంది, నికెల్ తెల్లగా మిగులుతుంది. నిజమైన చార వేలికి కొంచెం గరుగ్గా తగులుతుంది. యాసిడ్‌తో వేసిన బొమ్మ రెండువైపులా అచ్చుగుద్దినట్టు ఉంటుంది. తడిమాక చేతులు కడుక్కో. పాషాణమంటే ఆర్సెనికే కదా, కెరిస్‌కి విషం పూస్తారన్న మాటకి ఆధారం చాలావరకు ఇదే. జావాలో ప్రంబానన్ గుళ్ల దగ్గర పడిన ఉల్క ఇనుముతో అక్కడి సోలో ఊరి రాజుల కోసం కొన్ని కెరిస్‌లు చేసిన మాట నిజం. నేను అక్కడ మిల్లులో పనిచేసిన రోజుల్లో మాత్రం ప్రతి అంగడివాడిదీ ఉల్క ఇనుమే!

వయసు సంగతి ఇంకా కష్టం. తుప్పు చూసి నమ్మకు, యాసిడ్‌లో నానబెట్టి పాతదానిలా చేస్తారు. మదురా దీవిలో సుమెనెప్ వైపు ఇప్పటికీ చక్కటి కొత్తవి చేస్తున్నారు. కొత్తదని చెప్పి అమ్మేవాడి దగ్గర కొనడానికి నాకేం అభ్యంతరం లేదు. తేదీ చెక్కిన పాతవి బహు అరుదు. ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలో చూపించిన క్నౌడ్ కెరిస్ మీద శక 1264, అంటే 1342 అని ఉంది, దాని మీద రామాయణ ఘట్టాలు కూడా ఉన్నాయి. డచ్చివాళ్లతో పోరాడిన జావా రాకుమారుడు దిపొనెగొరోదంటూ 2020లో నెదర్లాండ్స్ తిరిగిచ్చిన కెరిస్‌కి పాత కాగితాలున్నా, అది ఆయనదేనా అని వాదించినవాళ్లున్నారు. ఇక అంగడివాడి నోటిమాట ఎంత?

శక్తుల సంగతికొస్తే, తర్వాత రాజైన కెన్ అరోక్ తనకి కెరిస్ చేస్తున్న ఎంపు గాంద్రింగ్‌నే దాంతో పొడిచాడనీ, అతను చస్తూ శపించాడనీ జావాలో పాత కథ. చిందిన బియ్యం లాంటి పామోర్ ఇంటికి కలిమి అంటారు, బంగారు వాన అనేది వ్యాపారులకి మంచిదంటారు. వినడానికి బాగుంటాయి. కెరిస్‌ని మొన మీద నిలబెట్టి చూపిస్తే అది తూకం, అంతే. "దయ్యాల లోకం నుంచి లాగాను" అన్నాడంటే మాత్రం వెంటనే లేచి వచ్చెయ్. అలాగని నమ్మేవాళ్ల ముందు నవ్వకు. జావా పంచాంగంలో మొదటిదైన సురో నెలలో కెరిస్‌లు కడిగే ఇళ్లు అక్కడ చాలా ఉన్నాయి. వాళ్లు చూడమని ఇస్తే రెండు చేతులతో అందుకో, మొన ఎవరివైపూ తిప్పకు. దసరాకి కత్తిపీటకి బొట్టుపెట్టే ఇంటి పిల్ల మన కోడలు, తనకి ఇది నువ్వు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఒక చిక్కుంది. 50 ఏళ్లు దాటిన వస్తువులు అక్కడ 2010 నాటి వారసత్వ చట్టం కిందికి రావచ్చు, అలాంటివాటిని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. వాడు చెప్పింది నిజమైతే నువ్వు దాన్ని ఇంటికి తేలేవు, అబద్ధమైతే ఆ ధర ఇవ్వక్కర్లేదు. దంతపు పిడి అంటే అసలు ముట్టుకోకు.

ఒర తీసేసి, పగటి వెలుతురులో, పిడి దగ్గర రెండువైపులా దగ్గరగా ఫోటోలు తీసి పంపు. అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వకు.

మీ పెదనాన్న