మొత్తం 1 వస్తూనే ఉన్నా జవాబు ఎందుకు తప్పుతోంది?

మూడు పదార్థాల రసాయన చర్యలో గాఢతలు కాలంతో ఎలా మారతాయో అడుగు అడుగుగా లెక్కించే నాలుగో తరగతి రుంగే–కుట్టా పద్ధతితో ప్రోగ్రాం రాశాననీ, స్టెప్ సైజు, అంటే ఒక్కో అడుగు కాలం, 0.01 సెకన్లు తీసుకుంటే కొద్ది అడుగుల్లోనే విలువలు అనంతానికి పోతున్నాయనీ, 0.0001 తీసుకుంటే సరిగ్గానే వస్తున్నా ఒక రోజు పాటు జరిగే చర్యను లెక్కించడానికి రాత్రంతా సరిపోవడం లేదనీ మీరు రాశారు. మూడు గాఢతల మొత్తం ప్రతి అడుగులోనూ 1 గానే ఉంది కాబట్టి కోడ్ సరైనదే అని మీ నమ్మకం. దశాంశ స్థానాలు పెంచితే, అంటే క్వాడ్ ప్రెసిషన్‌కు మారితే, సమస్య తీరుతుందా అన్నది మీ ప్రశ్న.

తీరదు. మీ కోడ్‌లో తప్పు ఉండకపోవచ్చు గానీ, మొత్తం 1 రావడం దానికి రుజువు కాదు. మీ సమీకరణాలు స్టిఫ్ సమీకరణాలు, అంటే వాటిలో కొన్ని మార్పులు అతి వేగంగా, మిగిలినవి అతి మెల్లగా జరుగుతాయి. వాటికి మీరు వాడిన రకం రుంగే–కుట్టా పనికిరాదు, ఇంప్లిసిట్ పద్ధతి (అదేమిటో కింద చెబుతాను) కావాలి. ఇదే పొరపాటుతో నేను ఎం.టెక్ ప్రాజెక్టులో దాదాపు రెండు నెలలు పోగొట్టుకున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

అప్పుడు నేనూ ప్రతి ఉదయం ల్యాబ్‌కు వెళ్లి మొదట చూసేది ఆ మొత్తాన్నే. 1 కనబడితే ధైర్యంగా ఉండేది. మా గైడ్ ఒక రోజు ప్రోగ్రాం పక్కన పెట్టించి, అన్నింటికంటే సులువైన ఆయిలర్ పద్ధతితో (అడుగు మొదట్లోని మార్పు రేటును స్టెప్ సైజుతో గుణించి కూడటం) మూడు అడుగులు చేత్తో వేయమన్నారు. అందుకు ఆయన ఇచ్చిన ఉదాహరణ 1966లో రాబర్ట్‌సన్ ప్రతిపాదించిన చర్య. అందులో ఏ అనే పదార్థం 0.04 రేటుతో మెల్లగా బీ గా మారుతుంది. రెండు బీ అణువులు కలిసి 3 కోట్ల రేటుతో సీ ని ఇస్తాయి. బీ, సీ కలిసి 10,000 రేటుతో తిరిగి ఏ ను ఇస్తాయి. ఆరంభంలో ఏ = 1, మిగిలినవి సున్నా.

స్టెప్ సైజు 0.01 తో మొదటి అడుగు వేస్తే ఏ 0.9996, బీ 0.0004, సీ 0 అవుతాయి. చూడటానికి అంతా సవ్యంగానే ఉంది, కానీ నిజమైన పరిష్కారంలో బీ ఎప్పుడూ 0.000037 దాటదు, అంటే మనం మొదటి అడుగులోనే పది రెట్లు మించిపోయాం. రెండో అడుగులో బీ వర్గాన్ని 3 కోట్లతో గుణిస్తే 4.8 వస్తుంది, దానితో బీ −0.0472 కు పడిపోతుంది, సీ 0.048 అవుతుంది. గాఢత రుణాత్మకం కావడం అసంభవం, అయినా మూడింటినీ కూడితే సరిగ్గా 1. మూడో అడుగులో బీ సుమారు −668, సీ సుమారు +668, ఏ 0.77, మొత్తం మళ్లీ 1. నాలుగో అడుగులో బీ మైనస్ 13 వేల కోట్లు దాటుతుంది. బీ ఒకసారి సున్నా కిందికి దిగితే దాని వర్గం దాన్ని ఇంకా కిందికే తోస్తుంది కాబట్టి వెనక్కి తెచ్చే శక్తి ఏదీ మిగలదు.

మొత్తం ఎందుకు చెదరలేదు? మూడు సమీకరణాల కుడివైపులను, అంటే మూడు గాఢతలు మారే రేట్లను, కూడితే ఎలాంటి బిందువు దగ్గరైనా సున్నాయే వస్తుంది. ఆయిలర్ అయినా రుంగే–కుట్టా అయినా ఆ కుడివైపులనే కొన్ని గుణకాలతో కలిపి ముందుకు జరుపుతుంది కనుక, ఆ బిందువులు ఎంత తప్పువైనా, మొత్తంలో వచ్చే మార్పు సున్నాయే. కాబట్టి ఆ పరీక్ష మీరు సమీకరణాల్లో గుర్తు తప్పు రాశారేమో చెప్పగలదు గానీ, పరిష్కారం సరైనదో కాదో చెప్పలేదు. ఆ కాగితం మీద −668, +668 పక్కపక్కనే చూసిన రోజున నాకు ఈ సంగతి బోధపడింది.

ఇక అసలు కారణానికి వద్దాం. వై ప్రైమ్ (వై మారే రేటు) = −1000 వై అనే ఒక్క సమీకరణం తీసుకోండి. నిజమైన పరిష్కారం రెప్పపాటులో సున్నాకు చేరిపోతుంది. దీని మీద నాలుగో తరగతి రుంగే–కుట్టా పద్ధతి 0.003 స్టెప్ సైజుతో నడిస్తే, ప్రతి అడుగులోనూ విలువ 1 − 3 + 4.5 − 4.5 + 3.375 తో, అంటే 1.375 తో గుణించబడుతుంది. సున్నాకు పోవలసినది వంద అడుగుల్లో 65 లక్షల కోట్ల రెట్లకు పైగా పెరుగుతుంది. స్టెప్ సైజు 0.0025 కు తగ్గిస్తే అదే గుణకం 0.648 అయి అంతా ప్రశాంతంగా సాగుతుంది. హద్దు ఎక్కడుందంటే, స్టెప్ సైజును ఆ 1000 తో గుణిస్తే వచ్చే సంఖ్య సుమారు 2.785 దాటకూడదు. ఇది కచ్చితత్వానికి సంబంధించిన హద్దు కాదు, స్థిరత్వానికి సంబంధించిన హద్దు.

క్వాడ్ ప్రెసిషన్ ఎందుకు సాయపడదో కూడా ఇక్కడే తెలుస్తుంది. అడుగుకు 1.375 రెట్లు పెరిగే దోషం 16 అంకెల అవతల పుట్టినా సుమారు 116 అడుగుల్లో 1 కి చేరుతుంది, 34 అంకెల అవతల పుడితే సుమారు 246 అడుగుల్లో చేరుతుంది. మీరు కొనుక్కునేది 130 అడుగుల వాయిదా మాత్రమే, అదీ కంప్యూటర్‌ను ఎన్నో రెట్లు నెమ్మదిగా నడిపించి.

రాబర్ట్‌సన్ చర్యలో ఈ 1000 స్థానంలో నిలిచేది జాకోబియన్ మాత్రిక (ప్రతి రేటు ఒక్కో గాఢతతో ఎలా మారుతుందో చూపే పట్టిక) లాక్షణిక విలువల్లో, అంటే మార్పుల వేగాలను చెప్పే సంఖ్యల్లో, అతి పెద్దది. ఆరంభ క్షణాలు గడవగానే దాని పరిమాణం సుమారు 2,200 ఉంటుంది, 40 సెకన్ల దగ్గర సుమారు 3,400, చిట్టచివరకు 10,000. అంటే వక్రరేఖ చదునుగా మారి, చెప్పుకోదగిన మార్పేదీ జరగని కాలంలోనే అడుగు మరింత చిన్నది కావాలి. ఈ సమస్యను పరీక్షగా వాడేవారు పది వేల కోట్ల సెకన్ల వరకు లెక్కిస్తారు. రుంగే–కుట్టాతో దానికి మూడున్నర కోట్ల కోట్ల అడుగులు పడతాయి. ఇంప్లిసిట్ పద్ధతితో రాసిన మంచి సాల్వర్లు ఆ స్థాయి కాలాన్ని కొన్ని వందల అడుగుల్లో దాటేస్తాయి.

ఇంప్లిసిట్ పద్ధతిలో తేడా ఒక్కటే: వాలును అడుగు మొదట్లో కాక, అడుగు చివర తీసుకుంటాం. పైన చెప్పిన సమీకరణానికి గుణకం 1/(1 + 1000 × స్టెప్ సైజు) అవుతుంది. స్టెప్ సైజు 0.003 అయితే 0.25, 0.1 అయితే 1/101. ఎంత పెద్ద అడుగైనా గుణకం 1 దాటదు. అయితే అడుగు చివరి విలువ మనకు ఇంకా తెలియదు గనుక ప్రతి అడుగులోనూ న్యూటన్–రాఫ్సన్ పద్ధతితో బీజీయ సమీకరణాలను సాధించాలి, దానికి జాకోబియన్ కావాలి. ఒక్కో అడుగు ఖరీదైనదే, కానీ అడుగుల సంఖ్య లక్షల రెట్లు తగ్గుతుంది. స్టిఫ్ అనే మాటను 1952లో ఈ అర్థంలో వాడిన కర్టిస్, హిర్ష్‌ఫెల్డర్ రసాయన శాస్త్రజ్ఞులు కావడం యాదృచ్ఛికం కాదు. ఈ చిక్కు మొదట ఎదురైంది మనలాంటి వాళ్లకే. వారు చూపిన వెనుక భేదాల సూత్రాలనే (బ్యాక్‌వర్డ్ డిఫరెన్షియేషన్ ఫార్ములా) ఇప్పటి సాల్వర్లలో బీడీఎఫ్ అంటున్నాం.

మీ సమస్య ఇదేనా అని నిర్ధారించుకోవడానికి స్టెప్ సైజును వరుసగా సగం చేస్తూ పోండి. నాలుగో తరగతి పద్ధతి మామూలుగా పనిచేస్తుంటే ప్రతిసారీ దోషం సుమారు 16వ వంతుకు తగ్గాలి. అలా కాకుండా ఒక హద్దు దాటేదాకా అనంతం, దాటిన వెంటనే చక్కటి జవాబు వస్తుంటే అది స్టిఫ్ సమీకరణమే. మీరు చెప్పిన 0.01, 0.0001 ల తీరు అలాగే ఉంది.

పైథాన్ వాడుతున్నట్లయితే సైపై అనే లైబ్రరీలోని సాల్వ్_ఐవీపీ సరిపోతుంది, కానీ అది మనం చెప్పకపోతే ఆర్‌కే45 అనే రుంగే–కుట్టా పద్ధతినే ఎంచుకుంటుంది. అది అడుగును తనంతట తాను తగ్గించుకుంటుంది గనుక విలువలు అదుపు తప్పవు, కాకపోతే మీ ఇప్పటి ప్రోగ్రాంలాగే రాత్రంతా పాకుతుంది. పద్ధతిని బీడీఎఫ్ లేదా రాడావ్ (రెండూ ఇంప్లిసిట్ పద్ధతులే) అని స్పష్టంగా ఇవ్వండి. మాట్‌ల్యాబ్ అయితే ఓడీఈ45 బదులు ఓడీఈ15ఎస్. మూడు సమీకరణాలే కాబట్టి జాకోబియన్‌ను చేత్తో రాసి ఇవ్వండి, పది నిమిషాల పని.

కొందరు మీకు ట్రెపిజాయిడల్ సూత్రం (అడుగు రెండు చివరల వాలుల సగటు వాడేది) సూచించవచ్చు. అదీ స్థిరమైనదే, కానీ పైన చెప్పిన −1000 సమీకరణానికి 0.1 స్టెప్ సైజుతో దాని గుణకం −49/51, అంటే సుమారు −0.96. విలువ పెరగదు గానీ ధన రుణాల మధ్య ఊగుతూ చాలాసేపు మిగిలిపోతుంది. బీ లాంటి సూక్ష్మమైన గాఢతకు ఆ ఊగిసలాట ప్రమాదం.

టాలరెన్స్ (సాల్వర్ అనుమతించే దోషం) విషయంలో నేను రెండోసారి దెబ్బతిన్నాను కాబట్టి అదీ చెబుతాను. సైపై సాధారణంగా అనుమతించే నిరపేక్ష దోషం పది లక్షల్లో ఒక వంతు. 40 సెకన్ల దగ్గర బీ విలువే 0.0000092, కనుక ఆ అనుమతి బీ లో పదో వంతు కంటే ఎక్కువ. ఏ, సీ ల వక్రరేఖలు అందంగా వచ్చి, బీ మాత్రం అర్థం లేకుండా ఉన్నప్పుడు కారణం ఇదే. నిరపేక్ష దోషాన్ని మూడు పదార్థాలకూ విడివిడిగా ఇవ్వవచ్చు. బీ కి వెయ్యి కోట్లలో ఒక వంతు ఇచ్చి, సాపేక్ష దోషాన్ని పది లక్షల్లో ఒక వంతుకు తగ్గించి నడపండి. బీ ఎక్కడైనా సున్నా కంటే తక్కువకు దిగితే, ఆ కాలం విలువతో పాటు మీరు రాసిన జాకోబియన్‌ను ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.