పాఠకుల ప్రశ్నలు: నాయన సంవత్సరీకానికి పుస్తకం

ప్రశ్న (ధర్మవరం నుంచి ఒక పాఠకురాలు): మా నాయన మగ్గం నేసి ముగ్గురు చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసినారు, మమ్మల్ని చదివించినారు. సంవత్సరీకానికి ఆయన గురించి చిన్న పుస్తకం వేసి బంధువులకు పంచాలని ఉంది. ఎప్పుడు కూర్చున్నా ‘మంచివారు, దానశీలి, ఇంటి కోసం కష్టపడ్డారు’ దగ్గరే కలం ఆగిపోతోంది.

జవాబు: ఆ మాటలు ఏ శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీదైనా ఉంటాయి, ఫొటో మారుస్తారంతే. మీరు రాయాల్సింది లెక్క. మొదటి మేనత్త పెళ్లి ఏ సంవత్సరం? అప్పుడు ఇంట్లో ఎన్ని మగ్గాలు? సాదా చీరకు ఎన్ని రోజులు, బుటా చీరకు ఎన్ని రోజులు, కూలి ఎంత? పెళ్లికి తక్కువ పడింది ఎవరి దగ్గర తెచ్చారు, ఎన్నేళ్లకు తీర్చారు? వీటికి జవాబులు వరసగా రాసుకుంటూ పోతే ఆయన పడ్డ కష్టం దానంతటదే బయటపడుతుంది, విశేషణాలతో పనుండదు.

మేనత్తలను విడివిడిగా అడగండి. ఒకచోట కూర్చోబెడితే పెద్దావిడ చెప్పినదానికి చిన్నావిడ తలూపుతుంది. ‘నాయన ఎట్లాంటోడు?’ అంటే ‘బంగారం లాంటోడమ్మా’ అని కళ్లు తుడుచుకుంటారు, మాట అక్కడితో సరి. పెళ్లి ఫొటో చేతికిచ్చి ‘అత్తా, ఈ చీర ఎవరు నేసింది? ఈ గొలుసు ఎక్కడిది?’ అని అడగండి. మాటలు ఫోన్‌లో రికార్డు చేసేటప్పుడు ఏరోప్లేన్ మోడ్ పెట్టండి, మధ్యలో కాల్ వస్తే కొన్ని ఫోన్లలో రికార్డింగు ఆగిపోతుంది. ముప్పావు గంట దాటనివ్వొద్దు, పెద్దవాళ్లు అలసిపోతారు. వినిపించిన పేర్లు, వరసలు ఆ రాత్రే కాగితం మీద పెట్టాలి. నెల తర్వాత వింటే ‘ఆ చిన్నోడు’ ఎవరో మీకూ తెలియదు. పక్క మగ్గం ఆయన్ను, చీరలు తీసుకున్న షావుకారును మరవొద్దు. ఇంట్లోవాళ్లకు తెలియని సంగతులు వాళ్ల దగ్గరుంటాయి. ఆయన కోపం గురించి కూడా ఒక్క ముక్క ఉంటే మంచిది, లేకపోతే చదివేవాళ్లు మిగతాది నమ్మరు.

ప్రశ్న (ప్రొద్దుటూరు): మా మామగారు చాలామంది పిల్లలకు ఫీజులు కట్టినారు. పెట్టెలో ప్రామిసరీ నోట్లు కూడా దొరికినాయి. ఆ పేర్లు పుస్తకంలో వేయొచ్చా?

జవాబు: వద్దు. ఆ రోజు ఫీజు కట్టించుకున్న పిల్లవాడు ఈ రోజు ఎవరికో వియ్యంకుడు. ఊరూ పేరూ లేకుండా ‘పదో తరగతి పిల్లవాడికి పరీక్ష ఫీజు’ అని రాస్తే సరిపోతుంది. సాయం పొందినవాళ్లే ముందుకొచ్చి సంతకంతో రాసిస్తే అది వేరు. నోట్ల ఫొటోలు అసలే వేయకండి. వసూలు సంగతి వారసులు తేల్చుకోవాలి. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటుకు మామూలుగా రాసిన తేదీ నుంచి 3 ఏళ్లే గడువు. ఆ లోపల కొంత చెల్లించి, నోటు వెనక రాసి సంతకం పెట్టి ఉంటే అక్కడి నుంచి మళ్లీ 3 ఏళ్లు.

ప్రశ్న (ఆదోని): మా అబ్బ పుట్టింది నందన నామ సంవత్సరం మాఘమాసంలో అని అవ్వ అంటుంది. బడి సర్టిఫికెట్లో 1-7-1952, జిల్లా బళ్లారి అని ఉంది. ఏది వేయాలి?

జవాబు: నందన 1952 ఉగాదితో మొదలైనా దాని మాఘం వచ్చింది 1953 జనవరి మధ్యలో. తెలుగు సంవత్సరాన్ని ఇంగ్లీషు సంవత్సరంలోకి మార్చేటప్పుడు పుష్య, మాఘ, ఫాల్గుణాల దగ్గరే అందరూ తప్పుతారు. 1953 జనవరి 30 తెల్లవారుజామున సంపూర్ణ చంద్రగ్రహణం పట్టింది. పుట్టింది గ్రహణానికి ముందా తర్వాతా అని అవ్వను అడిగి చూడండి, పక్షం తేలిపోతుంది. జులై 1 అనేది బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు వేసిన తేదీ కావచ్చు. అవ్వ మాట అసలు వాక్యంలో పెట్టి, బడి తేదీని ‘రికార్డుల ప్రకారం’ అని కింద వేయండి. బళ్లారి తప్పు కాదు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు రాష్ట్రం బళ్లారి జిల్లాలోనే ఉండేవి.

ప్రశ్న (కర్నూలు): 2009 అక్టోబరు వరదలో తడిసిన ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోయినాయి. మా నాయన పెళ్లి ఫొటో వాటిలోనే ఉంది.

జవాబు: లాగొద్దు. ముందు ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసి పెట్టుకోండి. స్టూడియోలో కడిగిన ఫొటోల మీద జెలటిన్ పొర ఉంటుంది, తడిసి ఆరితే అది బంకలా పట్టేస్తుంది. ముందు పరీక్షకు పనికిరాని జంట ఒకటి తీసి, వెడల్పాటి ట్రేలో బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ చల్లగా పోసి అరగంట నానబెట్టండి. అంచులు వదులైతే వాటంతటవే విడిపోనివ్వండి. వేలికి రంగు అంటితే, పొర జారితే అక్కడితో ఆపేయండి. కంప్యూటర్ ప్రింటర్లో తీసినవి నీళ్లలో వేస్తే రంగు పోతుంది. విడిపోయినవి బొమ్మ పైకుండేలా నూలు గుడ్డ మీద నీడలో ఆరాలి, ఎండలో పెడితే చుట్టుకుపోతాయి. ఫ్రేము అద్దానికి అతుక్కున్నదాన్ని కదపకుండా అద్దంతోనే స్కాన్ చేయించండి.

ప్రశ్న (కడప): ఇలాంటి పుస్తకం అచ్చుకు ప్రెస్సుకు ఏమని చెప్పాలి?

జవాబు: ఏ5 సైజు (ఏ4 కాగితంలో సగం), మధ్యలో పిన్ను కొట్టే పుస్తకమైతే పేజీలు 4తో భాగించబడాలి. లోపల 16 పేజీలు, అట్ట 4 పేజీలు చాలు. లోపలికి 100 జీఎస్ఎం మాప్‌లితో (పుస్తకాలకు వాడే మామూలు తెల్ల కాగితం), అట్టకు 250 జీఎస్ఎం ఆర్టు కార్డు (నున్నటి మందపాటి అట్ట) అడగండి. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క. పాస్‌పోర్టు సైజు ఫొటోను పేజీ నిండా వేయాలంటే 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు) స్కాన్ చేయాలి. 300లో చేసి పెద్దది చేస్తే ముఖం అలుక్కుపోతుంది. వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపండి. చాలా డీటీపీ (కంప్యూటర్ టైపు) సెంటర్లలో ఇప్పటికీ ‘అను’ అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లే. మీ ఫోన్లోని యూనికోడ్ అక్షరాలు వాటిలోకి మారేటప్పుడు వత్తులు, సున్నలు ఎగిరిపోతాయి. ప్రూఫు ఫోన్లో చూడొద్దు, కాగితం మీద తీయించుకుని పేర్లూ తేదీలూ ఇద్దరు చదవాలి, ఆ ఇద్దరిలో ఒకరు టైపు చేసినవాళ్లు కాకూడదు.