గిన్నె చప్పుడుకి ఇంకా ఉలిక్కిపడుతున్నారంటే

కొట్టే భర్తని వదిలి బయటికొచ్చి రెండేళ్లయినా గిన్నె కింద పడితే గుండె దడదడలాడుతోందన్నారు, అది పిరికితనం కాదండి, ఆ ఇంట్లో చప్పుడు వెనకే దెబ్బ పడేది కాబట్టి మీ ఒళ్లు ఇంకా కాపలా కాస్తోంది.

1. దడ మొదలవగానే పాదాలు నేలకి ఆనించి, ఈరోజు తేదీ, ఇప్పుడున్న ఊరు పైకి చెప్పుకోండి.

2. చాలామంది వదిలేసేది ఇది. "అన్నాళ్లు ఎందుకు భరించాను" అని తిట్టుకోవడం ఆపి, అప్పుడు మిమ్మల్ని మీరు కాపాడుకోవడానికి ఏమేం చేశారో కాగితం మీద రాయండి. పోపుల డబ్బాలో దాచిన వంద నోటు, పక్కింటావిడ దగ్గర పెట్టిన సర్టిఫికెట్లు, అన్నీ. నేను రాస్తుంటే ఏడుపు ఆగలేదు, కానీ ఆ రోజే మొదటిసారి నా మీద నాకు కోపం రాలేదు.

3. నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. అతను మళ్లీ బెదిరిస్తే మహిళల హెల్ప్‌లైన్ 181కి చేయండి.