సోమవారం పొద్దున ఆట ముచ్చట: ఏ మాట ఎట్లా అనాలి

వరంగల్, కరీంనగర్ దిక్కు నుంచి అమెరికా వచ్చిన మన పిల్లలు ఇంటర్వ్యూలో గంటసేపు ఇంగ్లిష్ మాట్లాడగలరు. అదే సోమవారం పొద్దున కాఫీ దగ్గర నలుగురు చేరి నిన్నటి ఫుట్‌బాల్ (చేత్తో పట్టుకొని ఆడే అమెరికన్ ఆట) ముచ్చట పెడితే ఫోన్ చూసుకుంటూ నిలబడతారు. ఆట తెలియకపోయినా నెట్టుకురావచ్చు. నోటికొచ్చే మాట తెలుగు కట్టులో రావడమే అసలు ఇబ్బంది.

ముందు ఈ ఒక్క తప్పు దిద్దుకోండి. మనం ‘ఆస్ట్రేలియా మీద గెలిచినం’ అంటాం. ఆ అలవాటుతోనే ‘వి వన్ ఆన్ ఆస్ట్రేలియా’ అనో, ‘వి వన్ ఆస్ట్రేలియా’ అనో వచ్చేస్తుంది. ‘వన్’ తర్వాత రావాల్సింది గేమో, కప్పో. ఓడిన జట్టు పేరు చెప్పాలంటే ‘వి బీట్ ఆస్ట్రేలియా’ అనాలి. నిన్న జరిగినదైనా ‘బీట్’ అనే ఉంటుంది, ‘బీటెడ్’ అనే మాట లేదు. మనం ఓడితే ‘వి లాస్ట్ టు ఆస్ట్రేలియా’. ఆ ‘టు’ మింగేయొద్దు. ఇంకో చిన్న సంగతి: ఓడిపోవడం ‘లూజ్’, వదులుగా ఉండడం ‘లూస్’. మనం రెండిటినీ ‘లూజ్’ అనేస్తాం.

ఇక్కడ మ్యాచ్ అనరు, ‘గేమ్’ అంటారు. ఫుట్‌బాల్, బేస్‌బాల్ ఆడేది ‘ఫీల్డ్’ మీద, బాస్కెట్‌బాల్ ‘కోర్ట్’ మీద. స్కోరులో సున్నా వస్తే ‘త్రీ నథింగ్’. ఆట నడుస్తుంటే ‘హూజ్ అప్?’ అని అడగండి, ఎవరు ముందున్నారని. ‘డల్లాస్, బై త్రీ’ అని జవాబొస్తుంది. వెనకబడితే ‘డౌన్ బై త్రీ’, సమానమైతే ‘టైడ్’. అయిపోయిన ఆటకు గెలిచినవాళ్ల అంకె ముందు చెప్పాలి: 24–17 అయితే ‘ట్వెంటీఫోర్ సెవెన్‌టీన్’.

ఆ 24 ఎట్లా వచ్చిందో తెలిస్తే సగం ఫుట్‌బాల్ అర్థమైనట్టే. టచ్‌డౌన్‌కు, అంటే బంతిని అవతలి చివరి గీత దాటిస్తే 6 పాయింట్లు, దాని తర్వాత కిక్ పడితే ఇంకొకటి, అంటే 7. ఫీల్డ్ గోల్‌కు, అంటే బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పంపితే 3. మూడు ఏడులు, ఒక మూడు కలిపితే 24. బంతి చేతికొచ్చిన జట్టుకు 10 గజాలు ముందుకు పోవడానికి నాలుగు ప్రయత్నాలుంటాయి. వాటినే ‘డౌన్స్’ అంటారు. ‘థర్డ్ అండ్ సెవెన్’ అని వినిపిస్తే, ఇది మూడో ప్రయత్నం, ఇంకా 7 గజాలు కావాలి అని. నాలుగోసారికి ఎక్కువగా బంతిని తన్ని అవతలివాళ్లకు వదిలేస్తారు, లేదా దగ్గర్లో ఉంటే 3 పాయింట్లకు కొడతారు. అందుకే గదిలో అందరూ బిగబట్టుకొని కూర్చునేది మూడోదానికే. అప్పుడు పక్కవాణ్ని ఏమీ అడగకండి.

‘డిడ్ యు క్యాచ్ ద గేమ్?’ అంటే ఆట చూశావా అని. చూడకపోతే ‘నో’ అని ఆగితే ముచ్చట అక్కడే ఆగిపోతుంది. ‘మిస్డ్ ఇట్. హౌ వజ్ ఇట్?’ అనండి, మిగతాది ఆయనే చెప్తాడు. ‘బ్లోఔట్’ అంటే ఏకపక్షంగా చిత్తు చేశారని, ‘నెయిల్‌బైటర్’ అంటే చివరిదాకా ఉత్కంఠగా సాగిందని. ‘వి చోక్డ్’ అన్నాడంటే గెలిచే ఆటను బెదిరి పోగొట్టుకున్నామని. అభిమాని తన జట్టును ‘వి’ అనే అంటాడు. ఆ ‘చోక్డ్’ మాట ఆయన అనొచ్చు గానీ, కొత్తగా పరిచయమైన మీరు అనొద్దు. ‘టఫ్ లాస్’ అంటే చాలు. మన ఇంటివాణ్ని మనం తిట్టుకుంటాం, బయటివాడు తిడితే ఊరుకుంటామా?

ఏ జట్టు వైపు అని అడగడానికి ‘హూ ఆర్ యు రూటింగ్ ఫర్?’ అమెరికాలో మామూలు మాట. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు మాత్రం దాని జోలికి పోవద్దు, అక్కడ ‘రూట్’ బూతు మాట. ‘హూ డు యు గో ఫర్?’ అనాలి.

మీ వంతు కూడా వస్తుంది. క్రికెట్ గురించి అడిగితే ఎల్బీడబ్ల్యూతో మొదలుపెట్టకండి. 2024 జూన్ 6న డల్లాస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీలో ‘ద యూఎస్ బీట్ పాకిస్తాన్ ఇన్ ఎ సూపర్ ఓవర్’ అని చెప్పి, సూపర్ ఓవర్ అంటే ‘కైండ్ ఆఫ్ లైక్ ఓవర్‌టైమ్’ అనండి. వాళ్ల జట్టే గెలిచిన ఆట కాబట్టి చెవులు నిక్కబొడుచుకుంటాయి. మన దిక్కు పేర్లు కూడా చెప్పండి: నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022, 2023లో బాక్సింగ్‌లో ‘వరల్డ్ ఛాంపియన్’, పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి ‘వన్ బ్రాంజ్ ఎట్ ద పారిస్ పారాలింపిక్స్’, 2024లో, 400 మీటర్ల పరుగులో.

కబడ్డీకి ‘ట్యాగ్ ప్లస్ రెజ్లింగ్, ఆన్ వన్ బ్రెత్’ అంటే వెంటనే అర్థమవుతుంది. ఆ మాట అని, కూత కూడా ఒకసారి పెట్టి వినిపించండి.