ప్రాక్టీసులో బాగా పరుగెత్తినా అసలు రోజున టెన్షన్ వస్తోంది, ఏం చేయాలి?

విజయనగరంలో కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు (శారీరక పరీక్షలకు) సిద్ధమవుతున్నానని, పరుగు రోజు తలుచుకుంటేనే కాళ్లు వణుకుతున్నాయని రాశారు.

"ఉద్యోగం కొట్టాలి" అన్నది మంచి కోరికే, కానీ ట్రాక్ మీద అది పనికిరాదు. పక్కవాడి వేగం, కటాఫ్ మీ చేతిలో లేవు. మీ పరుగు 1600 మీటర్లు, 8 నిమిషాల్లో ముగించాలి; అంటే 400 మీటర్ల రౌండుకు 2 నిమిషాలు. మీరు పట్టుకోవాల్సింది ఆ 2 నిమిషాలనే. క్రీడా మనస్తత్వశాస్త్రంలో దీన్ని పనితీరు లక్ష్యం (performance goal) అంటారు.

నా లెక్కలో అసలు పరీక్ష మూడో రౌండు. ఉత్సాహం అయిపోతుంది, ముగింపు గీత ఇంకా కనబడదు, మనసు "ఇక చాలు" అంటుంది. అప్పుడేం చేస్తారో ఈరోజే తేల్చుకోండి: "ఊపిరి బరువెక్కితే భుజాలు వదులు చేసి అడుగులు లెక్కపెడతాను." పడుకునే ముందు ఊహించుకోవాల్సిందీ ఆ రౌండునే, మెడలో దండను కాదు.

గుండె దడ భయమే అనుకోకండి, ఒళ్లు సిద్ధమవుతోందని చెప్పుకోండి. చాలామందికి ఇది "శాంతించు" అనుకోవడం కంటే తేలిక.

ఒకరోజు టైమింగ్ చెడితే కుంగిపోవద్దు. మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు ఎత్తలేకపోయారు. అంతకుముందు రెండు విభాగాల్లో ఎత్తిన 110, 130 కిలోలు ఎక్కడికీ పోలేదు, 240 కిలోలతో కాంస్యం వచ్చింది.

అన్నట్టు, ఆ రోజు కొత్త బూట్లు మాత్రం వేసుకోకండి.