ప్లాస్టిక్ రీసైక్లింగ్‌లో కెమిస్ట్‌గా స్థిరపడాలంటే?

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్లాస్టిక్ వ్యర్థాలను రసాయన పద్ధతుల్లో రీసైకిల్ చేసే రంగంలోకి వెళ్లాలనుంది. ఏం చదవాలి? ప్రాజెక్టు కోసం ఇంట్లో ప్లాస్టిక్ నుంచి ఆయిల్ తీయొచ్చా?

జవాబు: ఇంట్లో మాత్రం వద్దు. ఆయిల్ తీయాలంటే పాలిథీన్‌ను గాలి తగలకుండా 400 డిగ్రీలు దాటించాలి. వచ్చే ఆవిరి కాస్త లీకైనా అంటుకుంటుంది.

దాని బదులు కాలేజీ ల్యాబులో, లెక్చరర్ దగ్గరుండగా, నీళ్ల బాటిళ్ల ప్లాస్టిక్ అయిన పీఈటీతో గ్లైకాలిసిస్ చేయండి, అంటే గ్లైకాల్‌తో వేడిచేసి పొడవాటి ప్లాస్టిక్ గొలుసులను తెంచడం. బాగా ఆరిన పీఈటీ ముక్కలు 10 గ్రాములు, ఇథిలీన్ గ్లైకాల్ 40 గ్రాములు, జింక్ అసిటేట్ 0.1 గ్రాము తీసుకుని, 190-195 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు రిఫ్లక్స్ చేయాలి (ఆవిరి చల్లబడి తిరిగి ఫ్లాస్కులోకే పడేలా వేడిచేయాలి). కాస్త చల్లారాక 200 మి.లీ. వేడినీళ్లు కలిపి, వేడిగా ఉండగానే వడకట్టండి. కాగితంపై మిగిలేది సగం తెగిన గొలుసులు, అంటే ఆలిగోమర్లు. వడకట్టిన నీటిని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే బీహెచ్ఈటీ (మళ్లీ పీఈటీ తయారుచేయడానికి పనికొచ్చే మోనోమర్) తెల్లని సూదుల్లా దిగుతుంది. లెక్క ప్రకారం గరిష్ఠంగా 13.2 గ్రాములు రావాలి. చేతికి అంతకన్నా తక్కువే వస్తుంది. ద్రవీభవన స్థానం 110 డిగ్రీలకు బాగా తక్కువగా ఉంటే సరుకు శుద్ధంగా లేనట్టే, మళ్లీ స్ఫటికీకరించాలి.

చాలామందికి ఇది చెడేది రియాక్షన్‌లో కాదు, ముడిసరుకులో. మూతలు పాలీప్రొపిలీన్‌వో పాలిథీన్‌వో అయి నీటిపై తేలతాయి కాబట్టి తేలిగ్గా పోతాయి. పీవీసీ లేబుల్ అలా కాదు, పీఈటీతోపాటే మునుగుతుంది. అది ఫ్లాస్కులో పడితే హైడ్రోజన్ క్లోరైడ్ వదిలి ద్రవాన్ని నల్లబరుస్తుంది, జింక్ దాన్ని ఇంకా తొందరపెడుతుంది. అందుకే లేబుళ్లు చేత్తోనే ఒలవాలి. ఫ్యాక్టరీల్లోనూ అసలు తలనొప్పి ఇదే. ముడిసరుకులో ఏ ప్లాస్టిక్, ఏ పదార్థం ఉందో పట్టిచ్చే ఎఫ్‌టీఐఆర్, డీఎస్‌సీ, గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్షలు చేతికి అలవాటైన కెమిస్టులు అందుకే కావాలి.

చదువు విషయానికొస్తే, పరిశోధన ఇష్టమైతే ఐఐటీ జామ్ రాసి ఎమ్మెస్సీ, తర్వాత నెట్ జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్)తో హైదరాబాద్ ఐఐసీటీ, పుణె ఎన్‌సీఎల్ లాంటి రసాయన పరిశోధన సంస్థల్లో పీహెచ్‌డీ. రాష్ట్ర యూనివర్సిటీలకైతే ప్రవేశపరీక్షలు తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్. త్వరగా ఉద్యోగం కావాలంటే కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్స్ శిక్షణ సంస్థ సిపెట్‌లో ప్లాస్టిక్స్ ప్రాసెసింగ్, టెస్టింగ్ పీజీ డిప్లొమా ఉంది. కానీ అది అచ్చులు, యంత్రాలు, పరీక్షల చదువు. రియాక్షన్ల మీద మనసున్నవారికి ఎమ్మెస్సీయే సరి. జామ్ దరఖాస్తులు సాధారణంగా సెప్టెంబరులో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో.